ఓబళప్ప మింగిన మాత్రలు

బెంగళూరు పీణ్యలో ఓబళప్ప ఎవరని అడిగితే కొందరు తెలియదనవచ్చు గానీ, ‘ఫారిన్ మేస్త్రి’ ఎవరంటే మాత్రం ఆ వీధిలో టీ కొట్టువాడి దగ్గర్నుంచి వెల్డింగ్ షాపు వాచ్‌మన్ దాకా అందరూ చేయెత్తి చూపిస్తారు. యాభై రెండేళ్ళ మనిషి. తాత మగ్గం పట్టుకుని బెంగళూరు చేరాడు, తండ్రి మగ్గం వదిలి లేతు పట్టాడు, ఇతను లేతు వదిలి ప్యాకింగ్ మెషిన్లు పట్టాడు. టీపొడి, ఉప్పు సంచుల్లో నింపి అంచు అతికించే ఆ మెషిన్లు కృష్ణప్ప అనే ఆయన ఫ్యాక్టరీలో తయారవుతాయి. వాటిలో కొన్ని ఊగాండా టీ ఫ్యాక్టరీలకు పోతాయి. మెషిన్ పోతే దాన్ని నిలబెట్టి నడిపించి వచ్చే మనిషి కూడా వెంట పోవాలి. పదేళ్ళలో ఏడు సార్లు పోయి వచ్చిన మనిషి ఓబళప్ప.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ప్రతి మెషిన్‌కీ ఇంగ్లీషులో ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. దాన్ని కొన్నవాడికి ఇవ్వడానికే తప్ప చదవడానికి ఎవరూ తెరవరు. వేడి ఎంత పెట్టాలి, గొలుసు ఎంత బిగించాలి అన్నది మేస్త్రి నోట వినాల్సిందే. పుస్తకం నూట యాభై డిగ్రీలంటే, “ఆడ గాలి తడిగా ఉంటాది, నూటరవై ఐదు పెట్టప్పా” అంటాడు మేస్త్రి. అదే పెడతారు, అదే పనిచేస్తుంది. మేస్త్రిని రెండోసారి అడగడమంటే తనకు పని రాదని ఒప్పుకున్నట్టే. ఇరవై ఏళ్ళుగా ఒక నోరు చెప్పింది నలభై చేతులు చేస్తూ వచ్చాయి. ఆ నోటికి ఎక్కడ ఆగాలో తెలియకుండా పోయిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నిజం అది కాదు. తెలిసే వాగింది.

వాగిన మాట ఇది. టీ కొట్టు దగ్గర ఊగాండా కబుర్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దోమల సంగతి ఎత్తేవారు. ఓబళప్ప గ్లాసు కింద పెట్టి, “ఏడు తూర్లు పోయినా. ఒక్క మాత్ర మింగలేదప్పా. పొద్దు గూకినంక నిండు చేతుల చొక్కా, అన్నంలోకి రెండు తెల్లగడ్డ పాయలు. దోమ నా దగ్గరికి రాదు” అనేవాడు. అందరూ నవ్వేవారు. మాట మాత్రం నమ్మేవారు.

అసలు జరిగింది వేరు. మొదటిసారి పోయేముందు టీకా కేంద్రంలో ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరం సూది వేసి, పసుపు పుస్తకంలో ముద్ర వేసి ఇచ్చారు. మలేరియాకి రోజుకొకటి చొప్పున మాత్రలూ రాసిచ్చారు. పసుపు పుస్తకం విమానాశ్రయంలో అడుగుతారు, అది లేకపోతే అడుగు కదలనివ్వరు. మాత్ర మింగావా అని మాత్రం ఏ దేశంలోనూ ఎవరూ అడగరు. అడిగేవాడు లేని పని మనం ఎప్పుడు సరిగ్గా చేశాం గనక? ఓబళప్ప కూడా మాత్రలు ఇంట్లోనే వదిలేసి పోయాడు. పంతొమ్మిదో రోజున చలిజ్వరం పట్టుకుంది. ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఐదు రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. అక్కడి నర్సమ్మ సూదుల మీద సూదులు వేసి బతికించింది. బెంగళూరుకి మాత్రం “కడుపు చెడింది” అని ఫోన్ చేయించాడు. అంతకు ముందు ఒక ఫిట్టరు కామెర్లతో తిరిగొస్తే కృష్ణప్ప వాణ్ణి మళ్ళీ పంపలేదు. ఓబళప్పకి ఆ భయం. ఫారిన్ మేస్త్రి అన్న పేరుకి అప్పుడప్పుడే రుచి మరిగాడు.

రెండోసారి నుంచి ఒక్క రోజు కూడా తప్పకుండా మాత్ర మింగాడు. పోయే ముందు రోజు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా, చెప్పింది చెప్పినట్టు. వెంట వచ్చిన కుర్రాళ్ళు చూడకుండా వాటిని ఖాళీ బి కాంప్లెక్సు సీసాలో పోసుకునేవాడు. ఆ సీసా నింపి సంచిలో పెట్టేది అతని భార్య జయమ్మ. అంటే ఒక్క మాత్రా మింగలేదని గొప్పలు పోయే మనిషి, ఆ మాట అంటున్న రోజుల్లో కూడా పొద్దున ఫలహారం అయ్యాక మాత్ర వేసుకున్నాకే టీ కొట్టుకి వచ్చేవాడు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు గదా అని అతను చాలా ఏళ్ళు అనుకున్నాడు.

ఈ ఏడు మోకాలు మొరాయించింది. గంటసేపు నిలబడితే కాలు వాస్తోంది. ఊగాండా పని వచ్చినప్పుడు కృష్ణప్ప పిలిచి, “ఈ తూరి నరేశ్‌ని పంపుదాం మేస్త్రీ. నువ్వు ఈడనుంచే ఫోన్‌లో చెప్పు” అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఓబళప్ప తలూపాడు.

నరేశ్ పాలమూరు వైపు నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. భార్య మౌనిక పీణ్యలోనే ఒక గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తుంది. నరేశ్‌కి మేస్త్రి మాటంటే వేదం. దారి తెలిసినవాడు గనక ఓబళప్పే అతన్ని టీకా కేంద్రానికి తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. పచ్చజ్వరం సూది ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి, అది ఇవాళే వేస్తానంది. టైఫాయిడ్ సూది వేయించుకోవడం మంచిదంది. దోమతెర, ఒంటికి రాసుకునే మందు తప్పనిసరి అంది. మాత్రలు మాత్రం నిండు కడుపు మీద, పెద్ద గ్లాసుడు నీళ్ళతో, మింగిన వెంటనే పడుకోకుండా, రోజూ. “అక్కడ జ్వరం వస్తే అదే రోజు రక్తం చూపించుకో, రేపు చూద్దాం అనుకోవద్దు” అంది. “ఇంకోటి. మీ ఫ్యాక్టరీలవాళ్ళు వస్తుంటారు, నాకు తెలుసు. ఏమీ కాదులే అని చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాట వినకు” అని కూడా అంది. ఓబళప్ప గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు ఇంటికి రాగానే జయమ్మ అడిగింది. “ఆ పిల్లోనికి మాత్రల సంగతి చెప్పినావా?”

“డాక్టరమ్మ చెప్పింది.”

“ఆమె చెప్పేది వేరు. వాడు నీ మాట వింటాడు గదా. నువ్వు చెప్పినావా అని.”

“చెప్తాలే,” అన్నాడు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు నరేశ్ మొదటి మాత్ర పరగడుపున మింగేశాడు. పొద్దంతా కడుపులో మంట, రెండు వాంతులు. టీ కొట్టు దగ్గర వాడి మొహం పీక్కుపోయి ఉంది. అయినా అందరూ వాడి చుట్టే ఉన్నారు. ఏ విమానం, ఎన్ని గంటలు, అక్కడ తిండి ఏమిటి అని ఒకటే ప్రశ్నలు. ఓబళప్ప వచ్చి పక్కన నిలబడితే జరిగి చోటిచ్చిన వాడు కూడా లేడు. లేతు సొన్నప్ప నోరు ఊరుకోదు. “ఏం మేస్త్రీ, నీ సీటుకి వేరే గిరాకీ వచ్చినాడే” అన్నాడు. నవ్వులు. ఓబళప్ప కూడా నవ్వాడు.

అప్పుడడిగాడు నరేశ్. “మేస్త్రీ, ఈ గోలీలు ఏస్కుంటే కడుపంత మంట. ఎట్ల మింగాలె?”

అందరూ ఇటు తిరిగారు. తిన్నాక వేసుకోవాలప్పా, నేనూ వేసుకున్నా అంటే అయిపోయేది. అంత చిన్న మాట. కానీ ఆ మాట అంటే ఏడు ప్రయాణాల గొప్పా ఆ టీ కొట్టు ముందే కుప్పకూలుతుంది, అదీ తన సీటు ఎక్కిన వాడి ముందు. “నేను మింగితే గదప్పా చెప్పేది,” అన్నాడు ఓబళప్ప. “అవన్నీ డాక్టర్లు సుమ్నే, ఊరికే రాసేది. నిండు చేతుల చొక్కా, తెల్లగడ్డ. చాలు.”

నరేశ్ మొహం తేటపడింది. రెండోసారి అడగలేదు. మేస్త్రిని రెండోసారి ఎవరూ అడగరు కదా.

సాయంత్రం వాణ్ణి పక్కకి పిలిచి నిజం చెబుదామనుకున్నాడు ఓబళప్ప. సాయంత్రం నరేశ్ సామాను కొనడానికి ముందే వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోన్ చేద్దామనుకున్నాడు, చేయలేదు. పోయాక వీడియో కాల్స్ వచ్చేవి. గేరుబాక్సు శబ్దం వినిపించి “ఇది సరేనా మేస్త్రీ” అనేవాడు నరేశ్. గంటసేపు బోల్టు బోల్టుకీ సలహా చెప్పి, చివర్లో “జాగ్రత్తప్పా” అని పెట్టేసేవాడు ఓబళప్ప. ఒక రోజు ఫోన్‌లో నరేశ్ మెడ మీద ఎర్రటి దోమకాటు దద్దుర్లు కనిపించాయి కూడా. చూసి, చెయిన్ టైటు చెయ్యమని చెప్పాడు. అసూయతోనే నోరు పెగల్లేదా, పరువు కోసమా అని తర్వాత తనని తాను చాలాసార్లు అడుక్కున్నాడు. ఏదైనా ఒకటే. వాడు బాగా తిరిగొస్తే ఇక ఏ గొడవా ఉండదని మొక్కుకున్నాడు. మొక్కులతోనే సరిపెట్టాడు.

పదిహేడో రోజున జ్వరం వచ్చింది. ఏమీ కాదన్న మాట వాడి చెవిలో ఉంది కాబట్టి, రెండు రోజులు మామూలు జ్వరం బిళ్ళలతో పని చేశాడు. మూడో రోజు మెషిన్ పక్కనే పడిపోయాడు. మలేరియా మెదడుకి ఎక్కిందన్నారు. పెద్దాసుపత్రిలో ఆరు రోజులు స్పృహ లేదు.

కబురు తెలిసి ఓబళప్ప మౌనిక దగ్గరికి పోయేసరికి ఆమె అలమారా ముందు నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో మాత్రల అట్టలు. ఒక్క మాత్ర తప్ప అన్నీ అలాగే ఉన్నాయి.

“నా వల్లనే, అన్నా,” అంది. “సంచి నేనే సర్దిన. ఈడ బట్టల కింద ఉన్నయి. పెట్టిననే అనుకున్న. యాది మర్చిన.”

ఆమె మర్చిపోలేదు. సంచిలో ఆమె పెట్టిన మాత్రలు నరేశ్ తీసి బట్టల కిందికి తోసి, ఆ చోట పచ్చడి సీసా సర్దుకున్నాడు. ఇలాంటిదేదో జరిగి ఉంటుందని ఓబళప్పకి ఆ క్షణమే తట్టింది. నోరు తెరిచాడు కూడా. “ఊరుకోమ్మా, నీ తప్పు ఏముండాది” అన్న మాట మాత్రమే బయటికొచ్చింది. పిరికివాడు ఓదార్చినట్టు ఓదార్చాడు. ఆమె దాన్ని దయ అనుకుని ఇంకా ఏడ్చింది.

తర్వాత రోజూ కాకపోయినా రెండు రోజులకొకసారి పోయేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన కబురు చెప్పేవాడు, పళ్ళు ఇచ్చేవాడు, కృష్ణప్ప ఖర్చంతా చూసుకుంటున్నాడని ధైర్యం చెప్పేవాడు. పోయిన ప్రతిసారీ ఆమె అదే మాట తిప్పి తిప్పి అనేది. ఊరి నుంచి వచ్చిన అత్త మల్లమ్మకి ఆ మాట దొరికింది, ఇక వదల్లేదు. “మొగడు సముద్రాలు దాటి పోతుంటే సంచి సర్దుడు చాతగాలె” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మౌనిక ఎదురు చెప్పేది కాదు. అది న్యాయమే అన్నట్టు తల వంచుకునేది.

జయమ్మ ఒకసారి చూసి వచ్చి, “ఆ పిల్ల నిద్ర, తిండి రెండూ మానేసినాది. పాపం, నువ్వు అంతగా చెప్పి పంపినా మర్చిపాయనే” అంది. ఓబళప్ప కంచం ముందు నుంచి లేచిపోయాడు. మోకాలు నొప్పి అన్నాడు.

నరేశ్ బతికాడు. చక్రాల కుర్చీలో విమానం దిగాడు. ఒక చెవిలో ఎప్పుడూ హోరు. చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు పట్టుకుంటే సగం ఒలుకుతుంది. తగ్గుతుంది గానీ నెలలు పట్టవచ్చన్నారు. వెంట్రుకవాసి తేడా వేలితో తడిమి చెప్పగలిగిన ఫిట్టరు వాడు.

వచ్చిన తర్వాతి ఆదివారం పగటిపూట ఓబళప్ప చూడబోయాడు. రేకుల ఇంట్లో మంచం మీద నరేశ్ దిండుకి ఆనుకుని ఉన్నాడు. మల్లమ్మ పెట్టె కట్టేస్తోంది. “ఊరికి తీస్కపోతున్న మేస్త్రీ,” అంది. “నా కొడుకును నేనే చూసుకుంట. ఈమె వాళ్ళమ్మ కాడికి పోతది. గోలీలు యాది లేనామెకు మొగని సేవ ఏం యాదుంటది?”

మౌనిక మూల నిలబడి ఉంది. చేతిలో ఒక చిన్న సంచి. ఎవరితోనూ వాదించే మొహం కాదు. వెళ్ళమంటే వెళ్ళిపోయే మొహం.

ఓబళప్ప నరేశ్‌ని చూశాడు. నరేశ్ ఒక్కసారి కళ్ళెత్తి మేస్త్రిని చూసి దించేసుకున్నాడు. ఆ చూపులో కోపం లేదు. నీ సంగతి నా నోటి నుంచి రాదులే అన్న భరోసా ఉంది. వాడు తిట్టినా బాగుండేది.

“ఆ పిల్ల మర్చిపోలేదమ్మా,” అన్నాడు. “మాత్రలు వద్దని చెప్పింది నేను. అందరి ముందర చెప్పినా. నేను మింగలేదు, నువ్వూ మింగద్దు అన్నట్టు చెప్పినా. వాడు నా మాట నమ్మి తీసి పెట్టేసి పోయినాడు.”

“మేస్త్రీ, ఊకో,” అన్నాడు నరేశ్. “నేనే మర్చిన.”

“నువ్వు ఊరుకోప్పా. ఇంకోటి ఉండాది.” ఓబళప్ప గోడ పట్టుకున్నాడు. “నేను మింగినా. మొదటి తూరి మింగక చావబోతిని. ఆ మీద పోయిన ఆరు తూర్లూ దినామూ మింగినా. నా పెళ్ళాం సీసాలో పోసి ఇచ్చేది. మింగేవాణ్ణే, మింగలేదని చెప్పుకుంటా తిరిగినా.”

ఈ సంగతి నరేశ్‌కీ తెలియదు. వాడి వణికే చేయి దుప్పటి మీద ఆగి, మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. మల్లమ్మ పెట్టె మీద అలాగే కూలబడింది. కోడలి వైపు చూడబోయి చూడలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మౌనిక ముందు మొగుడి వైపు తిరిగింది. “గోలీలు నువ్వే తీసినవా?”

నరేశ్ తలూపాడు.

“వచ్చి వారమాయె. మీ అమ్మ నన్ను అంటుంటే ఇన్నవు. ఎందుకు చెప్పలె?”

“మేస్త్రి పేరు ఖరాబయితదని…”

“మరి నా పేరు?”

ఓబళప్ప రెండు చేతులూ జోడించాడు. తన మాట విన్నాక ఆమె తిడుతుందనో ఏడుస్తుందనో, ఏదైతేనేం గుండె మీది బండ దిగుతుందనో ఇన్నాళ్ళూ అనుకుంటూ ఉన్నాడు. బండ అక్కడే ఉంది. “తప్పంతా నాదేనమ్మా. అత్తగారికి చెప్పేసినా. ఫ్యాక్టరీలోనూ చెప్తా. నిన్ను ఇంక ఎవరూ ఏమీ అనరు,” అన్నాడు.

మౌనిక చేతిలో సంచి కింద పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు.

“ఆయన పాణంతోని వచ్చిండు, చాలు. ఆయనకు నువ్వు చేసింది ఆయన చూసుకుంటడు. నా సంగతి చెప్పు. ఇన్ని దినాలు నేను మెతుకు నోట్ల పెట్టుకున్నప్పుడల్లా మొగణ్ణి చంపుకున్నననే అనుకున్న. నీ ముంగటనే అన్న. నువ్వు ఇన్నవు. ఊరుకోమ్మా అన్నవు. ఈ గడప కాడికి ఎన్ని మార్లు వచ్చి పోయినవన్నా? వచ్చినప్పుడల్లా ఎట్ల చూడబుద్ధయింది నా మొకం?”

ఓబళప్ప నిలబడే ఉన్నాడు. మోకాలు సలుపుతోంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

“పదకొండు తూర్లు వచ్చినానమ్మా,” అన్నాడు. ఆమె అడిగిన రెండు ప్రశ్నల్లో అతని దగ్గర జవాబున్నది దానికొక్కదానికే.